ఏ బెల్లం దేనికి?



ఈనాటి ప్రసంగము బెల్లాన్ని గురించి. బెల్లం వండటం మీకు నేను నేర్పనక్కరలేదు. డిప్లొమా చదువుకొని ఉద్యోగంలో చేరిన నాకు ఉండపాకం ఎప్పుడు దిగవలెనో చూపించినది ఒక పెనం దగ్గరి ముసలాయనే గాని పుస్తకం కాదు. కాబట్టి నేను చెప్పబోయేది వంట సంగతి కాదు, బెల్లం వెనకటి సంగతి. కోతల కాలంలో ఈయన చరిత్ర పట్టుకొచ్చాడేమిటి అనుకుంటారేమో. అందుకు ఒక కారణం ఉన్నది, ముందు అది చెబుతాను.

నిరుడు మా పరిధిలోని ఒక గ్రామంలో మహిళా సంఘం వారు జీవామృతం కలుపుకొనేందుకు నలభై కిలోల నల్లబెల్లం కొని ఆటోలో వేసుకొని వస్తున్నారు. దారిలో ఆటోను ఆపారు. ఎవరు ఆపారు, ఎక్కడ ఆపారు అన్నది ఇక్కడ అనవసరం. నల్లబెల్లం కనబడగానే "ఏ బట్టీకి తీసుకుపోతున్నారు?" అన్నారట. పేడ, మూత్రం, పప్పుపిండి అని వీరు చెప్పిన మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. నాకు కబురు వచ్చి, నేను వెళ్ళి, కాగితం రాసి సంతకం పెట్టేసరికి పొద్దు వాలినది. ఎండకు బెల్లం చెమర్చి గోనెలకు అంటుకుపోయినది. తిరుగుదారిలో సంఘంలోని పెద్దామె నన్ను అడిగినది: "ఏటి బావూ, పచ్చగుంటే దేవుడికి పెడతారు, నల్లగుంటే దొంగసరుకంటారు. రెండూ ఆ పెనంలోంచి దిగినవే కదేటి?"

ఆ మాటకు అప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి పాత పుస్తకాలు తిరగవేశాను. తిరగవేస్తే తెలిసినదేమిటంటే, బెల్లాన్ని రంగును బట్టి మంచిదనీ చెడ్డదనీ విడదీయడం మన పెద్దల పద్ధతి కాదు. వారు పనిని బట్టి విడదీశారు.

కౌటిల్యుని పేర మనకు దక్కిన అర్థశాస్త్రం రెండువేల ఏళ్ళకు అటూ ఇటూ నాటిది. అందులో రాజుగారి ధాన్యపు కొట్లను చూసే అధికారి ఏయే సరుకులు నిలువ చేయవలెనో చెప్పిన చోట చెరుకు సరుకులు ఐదు వరుసగా వస్తాయి. ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర. ఫాణితమంటే గట్టిపడకముందే దించిన చిక్కటి పాకం. మహారాష్ట్రలో నేటికీ కాకవి అని సీసాలలో అమ్ముతున్నది ఇటువంటిదే. గుడము మన బెల్లం. మత్స్యండిక అనే పేరులోనే చేపగుడ్డు ఉన్నది. చేపగుడ్ల మాదిరి పలుకులు తేలిన సరుకు. ఖండమంటే ముక్కలు ముక్కలుగా గట్టిపడినది. శర్కర అన్నింటికంటె తేటగా, ఇసుక రవ్వల మాదిరిగా వచ్చినది. చరక సంహితలో కూడా ఇదే వరుస ఉన్నది. పైకి పోయినకొద్దీ మలినం తగ్గుతుందనీ, చలువ చేసే గుణం పెరుగుతుందనీ ఆ వైద్యులు వ్రాశారు.

ఈ మాటలు పుస్తకాలలోనే నిలిచిపోలేదు. శర్కర మన నోట చక్కెర అయినది. ఖండం కలకండలో బ్రతికే ఉన్నది. ఇంగ్లీషువారి షుగరూ, క్యాండీ అనే మాటలు కూడా ఇక్కడినుంచి పారశీక, అరబ్బు దేశాల మీదుగా పోయి చేరినవే. అలెగ్జాండరు సేనతో వచ్చిన నియార్కసు అనే నౌకాధిపతి, తేనెటీగలు లేకుండానే తేనె ఇచ్చే రెల్లు ఈ దేశంలో ఉన్నదని ఆశ్చర్యపడి చెప్పినాడు. క్రీ. శ. 647లో చైనా చక్రవర్తి తైజాంగ్ చక్కెర వండే విద్య నేర్చుకొని రమ్మని మగధకు మనుషులను పంపించినాడు. మన ఊరి పొయ్యి దగ్గరి విద్యకు అంత పేరు ఉండేదన్నమాట.

ఇక నేను చెప్పదలచిన అసలు సంగతి. అదే అర్థశాస్త్రంలో మద్యం తయారీని అజమాయిషీ చేసే అధికారి గురించి కూడా ఒక అధ్యాయం ఉన్నది. పులియబెట్టడానికి దేనిని వాడవలెనో అక్కడ లెక్కతో చెప్పారు. ఆసవానికి వెలగపండు ఒక తులామానం, ఫాణితం ఐదు తులామానాలు, తేనె ఒక ప్రస్థం. మైరేయమనే దానికి మేషశృంగి పట్ట కషాయంలో బెల్లం వేసి, పిప్పళ్ళూ మిరియాలూ చేర్చమన్నారు. చూశారా! కొట్టులో శర్కర ఉన్నది, ఖండం ఉన్నది. రాజుగారి కొట్టు, డబ్బుకు లోటు లేదు. అయినా పులిసే కుండలోకి పోయినవి ఆ వరుసలో అడుగున ఉన్న రెండు, అనగా ముడి పాకమూ ముడి బెల్లమూ. చౌక కాబట్టి అని ఎవరైనా అనవచ్చును. చౌక కొంత నిజమే. కాని చౌక ఒక్కటే కాదు, అందులో పనితనం కూడా ఉన్నది. ఆ సంగతి సూక్ష్మజీవుల శాస్త్రం వచ్చిన తరువాత గాని బోధపడలేదు. దానికి తరువాత వస్తాను.

ముందు ఈ తెలుపు అనే పిచ్చి మనకు ఎప్పుడు, ఎట్లా పట్టినదో చూదాము.

బెల్లానికీ పంచదారకూ మధ్యలో ఖండసారి ఉన్నది. ఉత్తరాదిన, ముఖ్యంగా నేటి ఉత్తరప్రదేశ్ జిల్లాలలో, ఇది పెద్ద కుటీర పరిశ్రమ. దాని పాత పద్ధతి వినదగినది. చెరుకు పాలు కాచి, బెల్లం కాకుండా కొంచెం ముందే దించి, కుండలలో పోసి కొన్నాళ్ళు కదల్చకుండా ఉంచుతారు. లోపల పలుకులు కడతాయి. పలుకులూ మడ్డీ కలిసి ఉన్న ఈ ముద్దను వారు రాబ్ అంటారు. దానిని సంచులకెత్తి బరువు పెడితే కొంత మడ్డి కారిపోతుంది. మిగిలినదాన్ని తొట్లలో పరచి, పైన చెరువులలో పెరిగే నాచు వంటి నీటిమొక్కను దట్టంగా కప్పుతారు. ఆ మొక్కలోని చెమ్మ చుక్కచుక్కగా దిగి పలుకులకు అంటిన మడ్డిని కడిగి కిందికి తోస్తుంది. పైపొర తెల్లబడగానే ఆ పొర గీకి తీసుకొని మళ్ళీ కొత్త నాచు కప్పుతారు. ఇట్లా పొర తరువాత పొర. గంధకం లేదు, రసాయనం లేదు. ఓపిక ఒక్కటే ఖర్చు. అయితే చెరుకులోని చక్కెరలో చాలా భాగం మడ్డిలో కారిపోయేది. 20వ శతాబ్దం మొదట్లో అక్కడి వ్యవసాయశాఖలో పనిచేసిన సయ్యద్ మహమ్మద్ హాదీగారు చేతితో త్రిప్పే చిలుకు యంత్రాన్ని దీనికి జోడించి, నాచుతో రోజులు పట్టే పనిని కొద్ది సేపటిలో అయ్యేటట్లు చేశారు. వెన్న చిలికే వారికి ఆ సూత్రం కొత్త కాదు. గిరగిర త్రిప్పితే మడ్డి జల్లెడగుండా బయటికి పోతుంది, పలుకు లోపల నిలుస్తుంది. నేటికీ అంగట్లో ఖండసారి అని దొరుకుతున్నది ఈ యంత్రానికి వారసురాలే.

మన తెలుగు నేల కథ వేరు. ఇక్కడ చెరుకంటే బెల్లమే. కర్ర గానుగలూ రాతి గానుగలూ పోయి ఇనుప గానుగలు రావడం 1870 తరువాత మొదలైనది. బీహారులోని బీహియాలో ఇద్దరు దొరలు తయారుచేసిన ఇనుప గానుగ దేశమంతా పాకినది. రసం ఎక్కువ దిగింది, సాగు పెరిగింది. అంతలో గోదావరి డెల్టాలో ఎర్రకుళ్ళు తెగులు వచ్చి 1890ల చివరికి చెరుకు తోటలను ఊడ్చిపెట్టినది. ఆ తెగులు పోరు పడలేకనే సామర్లకోటలో చెరుకు పరిశోధన మొదలైనది. బార్బరు దొర అక్కడ పనిచేసి, తరువాత 1912లో కోయంబత్తూరులో స్థాపించిన చెరుకు వంగడాల కేంద్రానికి పెద్ద అయినారు. ఆయన దగ్గర మెళకువలు నేర్చిన టి. ఎస్. వెంకట్రామన్ గారి చేతిమీదుగా వచ్చిన "కో" రకాలను మీ తాతలు ఎరుగుదురు. కో 419 పేరు చెబితే ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ళ ముఖం వికసిస్తుంది. అనకాపల్లిలో పరిశోధనా కేంద్రం 1913లో వచ్చినది. బెల్లానికి పనికివచ్చే రకాలను వెతికి పెట్టడం ఆ కేంద్రానికి మొదటినుంచీ ఉన్న పని.

సామర్లకోట మాట వచ్చినది కనుక ఒక చిన్న సంగతి. 19వ శతాబ్దం చివర అక్కడ వెలసిన కంపెనీ పేరు దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ. పేరులోనే పంచదారా సారాయీ పక్కపక్కన కూర్చున్నవి. తెల్ల పంచదార ఒక ద్వారాన బయటికి పోతే, దాని మడ్డినుంచి దిగిన సారా రెండవ ద్వారాన పోయేది. దొర గారి మిల్లులో ఈ రెండు పనులూ ఒకే కప్పు క్రింద జరిగితే ఎవరికీ తప్పు తోచలేదు సుమా.

1932లో కేంద్ర ప్రభుత్వం చక్కెర పరిశ్రమ రక్షణ చట్టం తెచ్చి, జావా పంచదార మీద సుంకం వేసి ఇక్కడి మిల్లులకు అండ ఇచ్చినది. అప్పటికి దేశంలో ముప్పై చిల్లర మిల్లులు ఉంటే, నాలుగేళ్ళు తిరిగేసరికి వంద దాటినవి. 1933లో విశాఖ జిల్లా ఏటికొప్పాకలో రైతులే కలిసి సహకార పద్ధతిన మిల్లు పెట్టుకొన్నారు. దేశంలో ఇటువంటివాటిలో తొలివరుసలోనిది అది. నైజాము ఇలాకాలో బోధన్ వద్ద 1937లో పెద్ద మిల్లు వచ్చినది; అది 2015లో మూతబడినది. ఈ మిల్లులలో చాలావాటిలో చెరుకు రసానికి సున్నం కలిపి, గంధకం కాల్చిన పొగ పట్టించి తేటపరుస్తారు. ఆ పద్ధతి వలన తెల్లని పలుకు చౌకగా ఇంటింటికీ వచ్చినది. కాఫీ, తేనీరు త్రాగే అలవాటుతో పాటు పల్లెలకు కూడా చేరినది. చుట్టాలు వస్తే బెల్లం నీళ్ళు ఇచ్చే ఇంట్లోనే, బెల్లం కాఫీ ఇవ్వడం నామోషీ అయినది.

ఇక్కడే మన బెల్లానికి కష్టం వచ్చినది. పంచదార తెల్లగా ఉన్నది కాబట్టి బెల్లం కూడా పచ్చగా, బంగారు రంగులో ఉండవలెనని కొనేవాడు అడగసాగినాడు. దిమ్మను గిచ్చి, రంగు చూసి, ధర కట్టడం మార్కెట్టు పద్ధతి అయినది. రైతు ఏం చేస్తాడు? పెనంలో హైడ్రోసు వేయసాగినాడు. హైడ్రోసు అంటే సోడియం హైడ్రోసల్ఫైటు, బట్టల మిల్లులలో రంగు తీసే మందు. చిటికెడు వేసేసరికి పాకం నిగనిగలాడుతుంది. కాని ఆ రంగు నిలువదు. కొన్ని వారాలు నిలువ ఉంటే మళ్ళీ నల్లబడుతుంది. గంధకపు అవశేషం మాత్రం లోపల ఉండిపోతుంది. కిలో బెల్లంలో అది 70 మిల్లీగ్రాములకు మించరాదని ఆహార నిబంధన. పెనం దగ్గర తూకం లేకుండా గరిటెతో వేసే మందు ఈ హద్దులో ఉంటుందని ఎవరు చెప్పగలరు?

నా ఉద్దేశము చెబుతాను, నచ్చకపోతే వదిలేయండి. బెల్లం నల్లబడటానికి మూలం పెనంలో కాదు, పొలంలో ఉన్నది. ఆలస్యంగా వేసిన యూరియా, నరికే ముందు దాకా పెట్టిన నీరు, ముదరని గడ, నరికి మూడు రోజులు పడవేసిన గడ, ఉప్పునీటి బోరు: ఇవి ఉన్నచోట ఏ మందు వేసినా బెల్లం మెత్తబడుతుంది, నీరు కారుతుంది, నాలుకకు ఉప్పగా తగులుతుంది. ముదిరిన గడను నరికిన రోజే ఆడించి, రసం వడగట్టి, సున్నపు తేట హద్దులో కలిపి, బెండ కాండం నలిపి తీసిన జిగురుతో మడ్డి కట్టించి, తెట్టు పూర్తిగా తీసివేస్తే వచ్చే బెల్లం లేత గోధుమ రంగులోనో ఇటుక రంగులోనో ఉంటుంది. అది దాని సహజమైన రంగు. దానిని మనం నలుపు అని తిట్టడం అన్యాయము. ఇక అడుగంటి మాడిన నలుపు, మడ్డి తీయని నలుపు వేరు. దానిని నేను సమర్థించను.

ఇప్పుడు పులియబెట్టే సంగతికి వస్తాను. 1857 మొదలుకొని లూయీ పాశ్చర్ గారు చేసిన పనివల్ల, పులవడం అనేది కంటికి కనబడని జీవులు చేసే పని అని రుజువైనది. ఆ జీవులు మనవంటివే. ఒక్క చక్కెరతో బ్రతకలేవు. నత్రజని కావాలి, పొటాషు కావాలి, భాస్వరం కావాలి, విటమినులు కావాలి. తెల్ల పంచదారలో నూటికి తొంబైతొమ్మిదిన్నర పాళ్ళకు పైగా ఉత్త సుక్రోజే. దానిని మంచినీళ్ళలో కరిగించి ఈస్టు వేస్తే, ఎరువు వేయని ఇసుకలో విత్తనం చల్లినట్లే. మొలుస్తుంది, కాని నీరసంగా సాగుతుంది. బెల్లంలో అయితే సుక్రోజు నూటికి 65 నుంచి 85 పాళ్ళ దాకా ఉంటుంది. మిగిలినదానిలో అప్పటికే విడిపోయిన గ్లూకోజు, ఫ్రక్టోజు కొంత, నీరు కొంత, ఖనిజ లవణాలూ మాంసకృత్తులూ కొద్దిగా ఉంటాయి. తినే మనకు ఈ కొద్దిపాటి లవణాలు పెద్ద లెక్క కాదు. ఈస్టుకు మాత్రం అదే పంటకు ఎరువు. ఆసవానికి శర్కర కాక ఫాణితం వాడిన ఆనాటివారికి ఈ శాస్త్రం తెలియదు. కుండ తొందరగా పొంగడం, ఆలస్యంగా పొంగడం మాత్రం కంటితో చూశారు.

మన వైద్యులు చేసే దశమూలారిష్టం వంటివి ఇదే దారిలో నడిచినవి. కషాయంలో బెల్లం కరిగించి, ధాతకీ పువ్వులు చేర్చి, జాడీకి మూత బిగించి, ధాన్యపు రాశిలోనో నేలలోనో సుమారు నెల రోజులు ఉంచుతారు. పువ్వులతో పాటు ఈస్టు లోపలికి పోతుంది. బెల్లం దానికి మేత. అక్కడ పుట్టిన కొద్దిపాటి ఆల్కహాలే మందును చెడకుండా కాపాడుతుంది. ఇవి లైసెన్సు ఉన్న వైద్యశాలల పని. ఇంట్లో చేసి అమ్మడం కూడదు.

మరి నల్లబెల్లానికి చెడ్డపేరు ఎక్కడినుంచి వచ్చినది? మద్య నిషేధాల కాలంనుంచి. రాజాజీ గారు మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలం జిల్లాతో నిషేధం మొదలుపెట్టి, 1938లో మన చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చారు. తరువాత 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. వారి పోరు ఊరూరా అంటుకొని 1993 అక్టోబరు 1నుంచి రాష్ట్రంలో సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చినది, 1997లో సడలిపోయినది. ఆ తల్లుల పోరును తక్కువ చేసే మాట ఒక్కటీ నేను అనను. మా ఇంటిలోనూ ఆ నష్టం ఎరిగినవారు ఉన్నారు. నేను చెప్పేది వేరు. 1993కు ముందు ప్రభుత్వ దుకాణాలలో ప్యాకెట్లలో అమ్మిన సారాకు మూలం చక్కెర మిల్లు మడ్డి నుంచి దించిన స్పిరిటు. అది ఆగిపోయిన చోట నాటుసారా తలెత్తినది. దానికి చౌకగా, తొందరగా పులిసే నల్లబెల్లం దొరికినది. బెల్లం ఊట పట్టుకొన్నామని పత్రికలలో రోజూ వార్తలు. ఊట పారబోయడం న్యాయమే. కాని ఊటలో కనబడినది కాబట్టి ఆ రంగు బెల్లమంతా దొంగసరుకే అనుకోవడం మొదలైనది. పెనంలో మందు వేయని రైతు నష్టపోయాడు. మందు వేసి పచ్చ చేసినవాడు పెద్దమనిషి అయినాడు. మా సంఘం పెద్దామెకు నేను అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇదే.

ఇంతకూ మన ఇంటిలో ఏది దేనికి? నా అనుభవము కొంత, అక్కచెల్లెళ్ళ అనుభవము ఎక్కువ కలిపి చెబుతాను.

అరిసెలకు, పాకం ఉండలకు ఆ ఏటి గట్టి దిమ్మ కావలెను. విరిస్తే పలుకు మెరుస్తూ, గణగణలాడుతూ విరగవలెను. వర్షాకాలం దాటిన బెల్లంలో సుక్రోజు విడిపోయి, గాలిలో చెమ్మ పీల్చి మెత్తబడుతుంది. దానితో ఎంతసేపు త్రిప్పినా పాకం ముదరదు, అరిసె చమురులో విచ్చిపోతుంది. అప్పుడు వండే ఆమెను తిట్టి లాభం లేదు, బెల్లం పాతబడినది. ఆ మెత్తటిది పులుసులోకి, పానకంలోకి బాగుంటుంది. మంగళగిరి నరసింహస్వామికి పోసే పానకమూ బెల్లం నీళ్ళే. రంగును బట్టి స్వామి వద్దన్నట్లు నేను వినలేదు. పాయసానికి బెల్లం వేసేటప్పుడు పాలు విరుగుతాయి కాబట్టి, బెల్లం విడిగా కరిగించి, వడగట్టి, పొయ్యి దించిన తరువాత కలపండి. వడగట్టే మాట మరువవద్దు. గ్లాసెడు నీటిలో ముక్క వేసి చూస్తే అడుగున ఎంత మట్టి, ఎంత పిప్పి చేరినదో అదే చెబుతుంది. బెల్లాన్ని పరీక్షించడానికి రంగుకంటె ఈ గ్లాసు నమ్మదగినది.

కాఫీలోకి, పెరుగులోకి బెల్లపు వాసన గిట్టనివారికి ఖండసారి మధ్యేమార్గము. అందులోనూ గంధకం పట్టించినది, పట్టించనిది అని రెండు తరగతులు ఉన్నవి, అడిగి కొనండి. పట్టణాలలో బ్రౌన్ షుగర్ అని గోధుమరంగు పలుకులు అమ్ముతారు. వాటిలో చాలావరకు తెల్ల పలుకుకే మడ్డి పూత పూసినవి. అది ముడి చక్కెర అనుకొని రెట్టింపు ధర పెట్టనక్కరలేదు. మరొక మాట. మధుమేహం ఉన్నవారికి బెల్లం మంచిదని కొందరు చెబుతున్నారు. అది నిజం కాదు. బెల్లమూ చక్కెరే, పరిమితి పాటించవలసినదే.

ఇక పులియబెట్టే అవసరము మన రైతులకు నేడు ఎక్కువగా జీవామృతం డ్రమ్ము దగ్గర వస్తున్నది. 200 లీటర్ల నీటికి పేడ 10 కిలోలు, మూత్రం 5 నుంచి 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, పప్పుపిండి 2 కిలోలు, గట్టుమీది మట్టి గుప్పెడు. నీడలో ఉంచి రోజుకు రెండు మూడుసార్లు కర్రతో కలియబెడితే 48 గంటలకు నురుగు కట్టి పుల్లని వాసన వస్తుంది. ఎరువులన్నింటికీ ఇది బదులు అవుతుందా అన్నది మరొక ప్రసంగానికి వదిలిపెడుతున్నాను. బెల్లం మట్టుకు చెబుతాను. ఇక్కడ బెల్లం చేసే పని సూక్ష్మజీవులకు మేత కావడం ఒక్కటే. నత్రజనీ లవణాలూ పేడా పిండీ ఇస్తూనే ఉన్నవి. కాబట్టి మార్కెట్టులో మొదటి రకమని పేరుపడిన పచ్చ దిమ్మను తెచ్చి డ్రమ్ములో వేయడం డబ్బు పారబోయడమే. విరిగిన దిమ్మలు, మెత్తబడిన పాత బెల్లం, పెనం అడుగు గోకిన ముదురు ముక్కలు ఇక్కడికి చాలును. తోట ఉన్నవారు బెల్లం కూడా వండకుండా చెరుకు రసమే పోయవచ్చును. బెల్లం కంటె నాలుగైదు రెట్లు ఎక్కువ కొలత పడుతుంది, అంతే తేడా. బూజు పట్టినదీ ఉప్పగా ఉన్నదీ మాత్రం వద్దు.

గ్రామాలలో పనిచేసే తోటి ఉద్యోగులకు ఒక మనవి. రైతులు డ్రమ్ముల కోసం ముదురు బెల్లం తెప్పించుకొనేటప్పుడు అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు, తూకం ఉన్న బిల్లు తప్పక తీసుకోమని చెప్పండి. సంఘం పుస్తకంలో ఎవరి డ్రమ్ముకు ఎన్ని కిలోలు అన్నది వ్రాయించండి. నలభై కిలోలు ఒక్కసారి తేవడం కంటె నాలుగు విడతలుగా తేవడం మేలు. బెల్లం చెమర్చదు, దారిలో ప్రశ్నలూ తగ్గుతవి. నేను రాసి ఇచ్చిన కాగితం ఆనాడు మా సంఘం ఆటోను వదిలించినది గాని, ప్రతి ఆటో వెనుకా ఒక ఉద్యోగి పరుగెత్తలేడు కదా.

మా సంఘం వారు ఈ సంవత్సరం నా సలహా కోసం ఎదురుచూడలేదు. పెద్దామెకు అరెకరం చెరుకు ఉన్నది. గానుగ ఆడే రోజున మొదటి పెనాలు మార్కెట్టుకు పంపి, చివరి రెండు పెనాలు మందు వేయకుండా ముదురుగా దించి, అచ్చులలో పోయకుండా పాత రేకు డబ్బాలలోకే గరిటెతో వేసి మూతపెట్టినారు. డబ్బాలు ఆమె వసారాలో వరుసగా ఉన్నవి. ఎవరి డ్రమ్ము వంతు వస్తే వారు వచ్చి రెండు కిలోలు గోకుకొని పోతున్నారు, రోడ్డు ఎక్కే పనే లేదు.